నిక్షేపాలంటే లంకెబిందెలు కావు: గోదావరి డెల్టా కింద గ్యాస్ లెక్కల సంగతి

పోయిన వేసవిలో కొబ్బరి దింపు తీయించడానికి ఊరెళ్ళాను. రాజోలుకి దగ్గర్లో, వశిష్ఠ గట్టు పక్కన ఉంటుంది మా ఊరు. దింపువాళ్ళు వచ్చేలోపు తోటలో మంచం వాల్చుకుని కూర్చున్న మా పెద్దమావయ్య ఉన్నట్టుండి అడిగాడు. "ఒరేయ్ అబ్బాయ్, నువ్వు రాళ్ళ చదువు చదివావు కదా. మన కింద గ్యాస్ ఎంతుందిరా అసలు? ఒకడు వందకి దగ్గరంటాడు, ఇంకొకడు ఆరంటాడు. ఏదో ఒకటే కదా నిజం అవ్వాలి?"

నేను భూగర్భ శాస్త్రంలో పీజీ చేసి కాలేజీలో అదే పాఠం చెప్పుకుంటున్నవాణ్ణి. అయినా ఆ ప్రశ్నకి గబుక్కున జవాబు చెప్పలేకపోయాను. ఆయన చెప్పిన రెండు అంకెలూ నిజంగా ఉన్నవే. అమెరికా ఇంధన సమాచార సంస్థ 2013లో వేసిన అంచనా ప్రకారం మన దేశంలో తీయగలిగిన షేల్ గ్యాస్, అంటే షేల్ అనే బిగుతైన మట్టిరాయిలో ఇరుక్కున్న గ్యాస్, 96 టీసీఎఫ్. అందులో మన డెల్టా కింద రాతిపొరలు పేరుకున్న పెద్ద పల్లం, అంటే కృష్ణా గోదావరి బేసిన్, వాటా 57. టీసీఎఫ్ అంటే ట్రిలియన్ ఘనపుటడుగులు, మన లెక్కలో సుమారు 2,830 కోట్ల ఘనపు మీటర్లు. దానికి రెండేళ్ళ ముందటి లెక్క అదే అమెరికాకి చెందిన భూగర్భ సర్వే సంస్థది. ఖంభాత్, కావేరి, కృష్ణా గోదావరి బేసిన్లు మూడింటికీ కలిపి సగటున 6.1 టీసీఎఫ్ అంది. అంటే ఒక సంస్థ మన ఒక్క బేసిన్‌కి ఇచ్చిన అంకె, ఇంకో సంస్థ మూడింటికీ కలిపి ఇచ్చినదానికి తొమ్మిది రెట్లు ఎక్కువ. రెండు చోట్లా కూర్చుని లెక్క కట్టినవాళ్ళు చదువుకున్నవాళ్ళే. ఎవరూ అబద్ధం ఆడలేదు.

ఈ ముడి విప్పాలంటే ముందు మన మాట దగ్గరే ఆగాలి. పేపర్లలో ఈ అంకెలన్నిటికీ "నిక్షేపాలు" అని ఒకే మాట వాడతారు. నిక్షేపం అనగానే మన మనసులో మెదిలేది లంకెబిందె. తవ్వితే చాలు, పైకి తీసి ఇంటికి తెచ్చుకోవచ్చు. కానీ భూగర్భ శాస్త్రవేత్తలు ఆ ఒక్క మాటని నాలుగు వేరువేరు మాటలుగా విడగొట్టుకున్నారు. రాతిలో మొత్తం ఎంత ఉందన్నది ఒకటి. ఇప్పుడున్న పద్ధతులతో అందులోంచి ఎంత రాబట్టగలం అన్నది రెండు. బావి తవ్వి, ఉందని రుజువు చేశాక కూడా, ధరో అనుమతో కుదరక ఆగిపోయినది మూడు. ఖర్చుకి గిట్టుబాటై, తీయడానికి ప్రాజెక్టు సిద్ధమైనది నాలుగు. నిల్వ అని గట్టిగా అనదగ్గది ఆ నాలుగోదే. పై రెండు సంస్థలూ ఇచ్చింది రెండో రకం అంకె. అందులోనూ దారులు వేరు. ఒకరు షేల్ పరుచుకున్న వైశాల్యం, మందం తీసుకుని, రాతిలో మొత్తం గ్యాస్ లెక్కేసి, అందులో ఇంత వంతు వస్తుందని పట్టారు. మన బేసిన్‌కి 381 టీసీఎఫ్ ఉందనుకుని అందులో సుమారు 15 శాతం తీసుకుంటే 57 అయింది. రెండోవాళ్ళు ఒక్కో బావి జీవితకాలంలో ఎంత ఇవ్వగలదు, అలాంటి బావులు ఎన్ని పడతాయి, పడే అవకాశం ఎంత అని కింద నుంచి కట్టుకుంటూ వచ్చారు. చేనంతా చూసి పంట అంచనా వేయడానికీ, మడిమడికీ కోసి తూచడానికీ ఉన్నంత తేడా ఉంది ఆ రెండిటికీ.

ఇదంతా మావయ్యకి చెబుతుంటే ఆయన మధ్యలో ఆపాడు. "ఉన్నది ఉన్నట్టు తీసుకోడానికి ఏం అడ్డం? పాశర్లపూడిలో అదంతట అదే పైకి తన్నుకొచ్చింది కదా!"

మా వైపు ఎవరితో గ్యాస్ గురించి మాట్లాడినా మాట అక్కడికే వెళ్తుంది. 1995 జనవరి 8న అక్కడి దేవర్లంక దగ్గర గ్యాస్ బావి అదుపు తప్పి, అంటే బ్లో అవుట్ అయి, 65 రోజులు మండింది. నేను అప్పుడు చిన్నవాణ్ణి. రాత్రి పెరట్లోకి వస్తే కొబ్బరి మట్టల నీడలు నేల మీద కదులుతూ కనిపించేవి. వెన్నెల లేని రోజుల్లో కూడా. ఆ నీడలు చూసిన తరానికి గ్యాస్ అంటే ఒత్తిడి మీద ఉండేది, మూత తీస్తే పైకి ఎగదన్నేది. అది సంప్రదాయ గ్యాస్. ఇప్పుడు చర్చలో ఉన్న షేల్ గ్యాస్ స్వభావం దీనికి పూర్తిగా వేరు.

మా అమ్మమ్మగారి ఊరు కొవ్వూరు దగ్గర. వేసవిలో గోదావరి పాయ దూరంగా జరిగిపోతే పిల్లలం ఇసుకలో చెలమ తీసేవాళ్ళం. మోచేతి లోతు తవ్వేసరికి నాలుగు పక్కల నుంచీ నీళ్ళు ఊరి గుంట నిండేది. ముంచుకుంటే మళ్ళీ ఊరేది. అదే గుంట తడి ఆరని ఆకుమడిలో తవ్వి చూడండి. నల్లమట్టి ఇసుక కంటే ఎక్కువ నీళ్ళు పట్టి ఉంచుతుంది. పిడికెడు తీసి పిసికితే వేళ్ళకి తడి అంటుతుంది. కానీ గుంటలోకి నీళ్ళు రావు. నీళ్ళు ఉన్నాయి, దారి లేదు. సంప్రదాయ గ్యాస్ బావి ఇసుకలో చెలమ. షేల్ అంటే కోట్ల ఏళ్ళ కింద గట్టిపడిపోయిన ఆకుమడి.

ఈ దారిని కొలిచే ప్రమాణానికి డార్సీ అని పేరు. ఫ్రాన్స్‌లోని డిజోన్ పట్నానికి నీళ్ళు తెచ్చిన హెన్రీ డార్సీ అనే ఇంజనీరు ఇసుక గుండా నీరు ఎంత వేగంగా వడుస్తుందో కొలిచి 1856లో ప్రచురించాడు, ఆయన పేరే నిలిచింది. మంచి గ్యాస్ ఇసుకరాయి పదులు, వందల మిల్లీడార్సీల్లో ఉంటుంది. షేల్ నానోడార్సీల్లో ఉంటుంది. నానో అంటే మిల్లీలో పది లక్షల వంతు. అంత మూసుకుపోయిన రాతిలోకి బావిని అడ్డంగా తిప్పి, ఇసుక, రసాయనాలు కలిపిన నీటిని విపరీతమైన ఒత్తిడితో కొట్టి, వెంట్రుక వాసి పగుళ్ళు తెరిచి, ఆ ఇసుక రేణువులతో పగుళ్ళు మూసుకోకుండా నిలబెట్టాలి. అదే ఫ్రాకింగ్. రాయి తనంతట తాను ఇవ్వదు కాబట్టి పగలగొట్టి తీసుకోవాలి. అసంప్రదాయ ఇంధన వనరు అన్న పెద్ద మాటకి అసలు అర్థం ఇంతే. అందులోని మీథేన్, వంటింటి పైపులో వచ్చే మీథేనూ ఒకటే. తేడా అది కూర్చున్న చోటులో ఉంది.

ఆ చోటు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మా జిల్లాల ఊళ్ళ పేర్లు రాళ్ళకి పెట్టి ఉన్నాయి. భూగర్భ శాస్త్రంలో ఒక రాతి పొరని ముందుగా గుర్తించిన ఊరి పేరుతో పిలవడం ఆనవాయితీ. డెల్టా కింద బావి దింపుకుంటూ పోతే నరసాపురం బంకరాయి, మత్స్యపురి ఇసుకరాయి, వడపర్రు షేల్, పాశర్లపూడి పొర, పాలకొల్లు షేల్ వస్తాయి. అన్నీ ఒకే చోట ఒకే వరసలో దొరకవు కానీ, పేర్లు ఇవే. వాటి కింద రాజోలు లావా. అవును, రాజోలు కింద గడ్డకట్టిన లావా ఉంది. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ కింద పడమటి వైపు నుంచి వందల మైళ్ళు పారి వచ్చింది. అదే కాలపు లావా కొవ్వూరు పక్కన పంగిడి క్వారీల్లో పైకి కనిపిస్తుంది. రోడ్లకి కంకర కొట్టేది ఆ రాయే. ఇంకా కిందకి వెళ్తే తిరుపతి ఇసుకరాయి, రాఘవాపురం షేల్, గొల్లపల్లి ఇసుకరాయి, మండపేట ఇసుకరాయి, దాదాపు అడుగున కొమ్ముగూడెం పొర. ఇసుకరాయి అయినా మండపేట రాయి బిగుతైనది, గ్యాస్‌ని సులువుగా వదలదు.

షేల్ గ్యాస్ లెక్కల్లో ముఖ్యంగా వినిపించేవి కొమ్ముగూడెం, రాఘవాపురం. కొమ్ముగూడెం పొరలో షేల్‌తో పాటు బొగ్గు కూడా ఉంటుంది. సింగరేణి గనుల్లో తవ్వే బొగ్గూ ఇదీ ఒకే కాలపు చిత్తడి అడవుల్లోంచి పుట్టినవి. ప్రాణహిత గోదావరి లోయ వెంట ఆ రాళ్ళు ఆగ్నేయానికి దిగుతూ వచ్చి డెల్టా అడుగుకి చేరాయి. కొత్తగూడెంలో గనిలోకి దిగి చేత్తో తాకగలిగిన రాయి, మా వైపు చాలా చోట్ల మూడు కిలోమీటర్ల కంటే ఎక్కువ లోతున ఉంటుంది. ఒకసారి ఒక ప్రయోగశాలలో షేల్ కోర్ ముక్క చేతిలోకి తీసుకుని చూశాను. కోర్ అంటే బావిలోంచి స్థంభంలా కోసి తీసే రాయి. నల్లగా ఉంది. అంచున గోటితో మీటితే పూతరేకు పొరలా పలచటి పెచ్చు లేచింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కిరసనాయిలు వాసన లీలగా తగిలింది. ఆ వాసన ఎంత, ఆ పెచ్చు ఎంత పెళుసు, దాన్ని పగలగొడితే పగులు నిలుస్తుందా లేక మెత్తటి మట్టిలా మళ్ళీ మూసుకుంటుందా అన్న కొలతల మీదే 57, 6 అన్న అంకెల మధ్య తగువు నడుస్తుంది.

ఇలాంటి తగువులు తీర్చుకోవడానికి శాస్త్రవేత్తలు కూడా సంఘం పెట్టుకున్నారు. 1917లో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం టల్సాలో పెట్రోలియం భూగర్భ శాస్త్రవేత్తల సంఘం పుట్టింది. ఏఏపీజీ అంటారు. ఇవాళ అనేక దేశాల నుంచి అందులో సభ్యులున్నారు. 1973 చమురు సంక్షోభంతో ప్రపంచం ఉలిక్కిపడిన నాలుగేళ్ళకి, 1977లో, ఆ సంఘంలోనే ఎనర్జీ మినరల్స్ డివిజన్ అని ఒక విభాగం పెట్టారు. మామూలు చమురు బావులు కాకుండా బొగ్గు, బొగ్గు పొరల్లోని మీథేన్, షేల్ గ్యాస్, బిగుతు ఇసుకరాళ్ళ గ్యాస్, చమురు ఇసుకలు, గ్యాస్ హైడ్రేట్లు (మంచులో ఇరుక్కున్న గ్యాస్), యురేనియం, భూమి లోపలి వేడి చూసేవాళ్ళ విభాగం అది. ఒక్కో వనరుకి ఒక్కో కమిటీ. ఆ కమిటీలు ఎప్పటికప్పుడు నివేదికలు తయారు చేస్తూ వచ్చాయి. ఏ దేశంలో ఏ రాతిలో ఏం తేలింది, ఎక్కడ బావులు పండాయి, ఎక్కడ ఎండాయి అన్నవి వాటిలో ఉంటాయి. వాటన్నిటినీ కలిపి సమీక్షగా శాస్త్ర పత్రికల్లో కూడా వేశారు.

పైకి ఇది పెద్ద విషయంగా కనిపించదు. నాకు మాత్రం ఇదే ముఖ్యం అనిపిస్తుంది. కంపెనీలో పనిచేసే శాస్త్రవేత్త తన కోర్ గురించి కంపెనీకి చెబుతాడు. కంపెనీ షేర్ మార్కెట్‌కి చెబుతుంది, ప్రభుత్వం జనానికి చెబుతుంది. ఒక చెవి నుంచి ఇంకో చెవికి పోయేసరికి "రాతిలో ఉండొచ్చు" అన్నది "మన దగ్గరుంది" అయిపోతుంది. సంఘం సభలో మాత్రం ఆ శాస్త్రవేత్త తన అంకె ఎలా వచ్చిందో, అదే రాయి తెలిసిన పోటీ కంపెనీవాళ్ళ ముందు చెప్పుకోవాలి. "ఈ మందం ఎక్కడ కొలిచావు? ఎన్ని బావుల్లో?" అని అడిగేవాళ్ళు అక్కడ ఉంటారు. పైన చెప్పిన నాలుగు మాటల విభజన కూడా ఇలా వచ్చిందే. పెట్రోలియం ఇంజనీర్ల సంఘం, ఏఏపీజీ, మరికొన్ని సంఘాలు కలిసి 2007లో వనరుల వర్గీకరణ పద్ధతిని ఖరారు చేసి, 2018లో సవరించాయి. మన దేశంలో 1958లో పుట్టిన జియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా బెంగళూరు నుంచి పనిచేస్తోంది. పెట్రోలియం భూగర్భ శాస్త్రవేత్తలకి వేరే సంఘమూ ఉంది.

అలాగని సంఘాన్ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. సభ్యుల్లో చాలామంది జీతం వచ్చేది చమురు కంపెనీల నుంచే. వాతావరణ మార్పు విషయంలో ఏఏపీజీ తోటి శాస్త్ర సంఘాల కంటే బాగా వెనకబడి, 2007లో గానీ తన వైఖరి మార్చుకోలేదు. ఎవరినీ జైల్లో పెట్టలేదు, ఏ బావినీ ఆపలేదు. అది చేయగలిగిందల్లా అంకెకి ఊరూ పేరూ ఉండేలా చూడటం.

ఆ పని జరగకపోతే ఏమవుతుందో మా సముద్రం చూసింది. కాకినాడకి ఎదురుగా సముద్రంలో ఉన్న డీ6 అనే గ్యాస్ బ్లాకు నుంచి 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలైంది. మరుసటి ఏడాదికి రోజుకి సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లకి చేరింది, 8 కోట్లకి వెళ్తుందన్నారు. 2013 వచ్చేసరికి పావు వంతుకి పడిపోయింది. ఆ గ్యాస్ వస్తుందని నమ్మి గోదావరి జిల్లాల్లో కట్టిన కరెంటు ప్లాంట్లు ఖాళీగా నిలబడ్డాయి. ఇంకొకటి, దీన్‌దయాళ్ గ్యాస్ క్షేత్రం. 2005లో అక్కడ 20 టీసీఎఫ్ ఉందని ప్రకటించారు. తర్వాత ఆమోదం పొందిన ప్రణాళికలో లెక్క దాదాపు పదోవంతుకి దిగింది. అక్కడి రాయి బిగుతు, వేడి, ఒత్తిడి మూడూ ఎక్కువే. ఈ రెండు చోట్లా గ్యాస్ ఉన్న మాట నిజం. ఉన్నదానికీ వచ్చేదానికీ మధ్య దూరాన్ని ముందుగా తక్కువ చేసి చూశారు.

ఇక హైడ్రేట్ల సంగతి. డెల్టా దాటి లోతు సముద్రంలో, అడుగు మట్టిలో, చలికీ ఒత్తిడికీ నీళ్ళు గడ్డకట్టి ఆ మంచు గూళ్ళలో మీథేన్ ఇరుక్కుని ఉంటుంది. ఒక ఘనపు మీటరు హైడ్రేట్ కరిగితే 160 ఘనపు మీటర్లకి పైగా గ్యాస్ వస్తుంది. మంచుగడ్డ లాంటి దాన్ని అగ్గిపుల్లతో ముట్టిస్తే మండుతుంది. 2006లో జోయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ మన బేసిన్‌లో తవ్వినప్పుడు ఒక చోట సుమారు 130 మీటర్ల మందాన హైడ్రేట్ దొరికింది. శాస్త్రవేత్తలు ఎగిరి గంతేసే దృశ్యమే. కాకపోతే అది బంకమట్టి పగుళ్ళలో ఉంది. మళ్ళీ ఆకుమడి సమస్యే. 2015లో జపాన్ ఓడ చిక్యూ వచ్చి తవ్వితే ఈసారి ముతక ఇసుకలో దొరికింది, అంటే చెలమ తీయదగ్గ చోట. దేశం మొత్తానికి హైడ్రేట్లు 1,894 ట్రిలియన్ ఘనపు మీటర్లు అన్న అంకె తరచూ కనిపిస్తుంది. అది నాలుగు మెట్లలో మొదటిది. జపాన్ 2013లో తీసి చూస్తే ఆరు రోజులకే బావిలోకి ఇసుక వచ్చి ఆపేయాల్సి వచ్చింది. వ్యాపారంగా హైడ్రేట్ గ్యాస్ అమ్ముతున్న దేశం ఇప్పటివరకు లేదు.

భూమి మీది షేల్‌కి మాత్రం అనుమతులు కదిలాయి. 2013 అక్టోబరులో కేంద్రం ప్రభుత్వరంగ చమురు సంస్థలకి వాళ్ళ పాత బ్లాకుల్లోనే షేల్ వెతుక్కునే విధానం తెచ్చింది, 2018లో దాన్ని మిగతావాళ్ళకీ విస్తరించింది. మన బేసిన్‌లో షేల్ నుంచి వాణిజ్య ఉత్పత్తి ఇంకా మొదలు కాలేదు.

మావయ్య అసలు భయం అంకె గురించి కాదు. ఆయనకి రెండెకరాల రొయ్యల చెరువు, దాని పక్కన తాగునీటి బోరు ఉన్నాయి. "మరి వాళ్ళు పగలగొడితే మా నీళ్ళ సంగతేంటి?" అన్నాడు. ఇక్కడ మా ఊళ్ళలో నాలుగు భయాలు ఒకే ముద్దగా కలిసిపోయాయి. పాశర్లపూడి మంట ఒత్తిడి అదుపు తప్పిన మామూలు బావిది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో 20 మందికి పైగా ప్రాణాలు తీసింది గ్యాస్ పైప్‌లైను. తేమతో కూడిన గ్యాస్ వెళ్ళి వెళ్ళి గొట్టం తినేసింది. ఈ రెండూ ఫ్రాకింగ్ వల్ల జరిగినవి కావు. డెల్టా కుంగుతోందన్నది మూడోది. పై ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోవడం, మెత్తటి మట్టి తన బరువుకి తాను అణగడం అందులో పెద్ద వాటా. గ్యాస్ తీయడం వల్ల ఎంత అన్నది కొలతలతో విడదీసి చెప్పాల్సిందే తప్ప, కాదనీ అవుననీ నోటి మాటగా తేల్చేది కాదు. ఇక నీళ్ళు నాలుగోది, ఫ్రాకింగ్‌కి నేరుగా సంబంధించింది. అమెరికాలో ఒక్క షేల్ బావికి కోటి లీటర్ల పైన నీళ్ళు పట్టడం మామూలు. కాలువలు కట్టేసే ఏప్రిల్, మే నెలల్లో మా ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకర్ కోసం నిలబడతారు. పైకి తిరిగి వచ్చే నీరు చాలా చోట్ల సముద్రం కంటే ఉప్పన. మా దగ్గర మంచినీరు పైపైన పలచటి పొరగా, ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మూడు కిలోమీటర్ల లోతున వేసిన పగులు అక్కడి నుంచి తిన్నగా బోరు దాకా రావడం చాలా అరుదు. ప్రమాదం ఎక్కువగా బావి గోడకి వేసిన సిమెంటు సరిగా పట్టకపోవడంలోనూ, పైన చెరువుల్లో నిలవ చేసిన ఆ ఉప్పునీరు పొంగడంలోనూ ఉంటుంది. తుపాను వస్తే ఏ గట్టూ ఆగని నేల మాది.

2020 జనవరిలో కేంద్రం పర్యావరణ అనుమతుల విషయంలో అన్వేషణ బావులని బీ2 అనే తరగతిలోకి మార్చింది. ఆ తరగతికి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు, ఉత్పత్తి దశకి వచ్చాకే అది. సరిగ్గా ఆ మరుసటి నెలలో తమిళనాడు కావేరి డెల్టాని రక్షిత వ్యవసాయ మండలంగా చట్టం చేసి, కొత్త చమురు, గ్యాస్ పనులని ఆపింది. మా డెల్టాకి అలాంటి చట్టం లేదు. కావాలా వద్దా అన్నది రైతులు కూర్చుని తేల్చుకోవాలి. నేను మాత్రం రిగ్గు దిగాక అభిప్రాయం అడగడం ఆలస్యమే అంటాను.

అమెరికాలో పెన్సిల్వేనియా అనుభవం ఒకటి మావయ్యకి చెప్పాను. అక్కడ కుళాయి నీళ్ళలో మీథేన్ కనిపించినప్పుడు అది ముందు నుంచీ ఉందా, డ్రిల్లింగ్ తర్వాత వచ్చిందా అని ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. చాలా ఇళ్ళలో ముందటి నీటి పరీక్ష లేదు. చివరికి 2012లో ఆ రాష్ట్రం, బావికి 2,500 అడుగుల లోపు నీరు ఏడాదిలోగా పాడైతే కంపెనీదే తప్పు అనుకుని మొదలుపెట్టాలని చట్టం చేసింది. కాదని తప్పించుకోవడానికి కంపెనీకి ఉన్న ముఖ్యమైన దారుల్లో ఒకటి, ముందే తీసిన నీటి పరీక్ష చూపించడం.

మావయ్య లేచి లోపలికి వెళ్ళి రొయ్యల చెరువుకి వాడే టీడీఎస్ మీటరు, అంటే నీళ్ళలో కరిగిన లవణాలు చూపే మీటరు, పట్టుకొచ్చాడు. బోరు కొట్టి, స్టీలు గ్లాసులో పట్టి, మీటరు ముంచాడు. 640 చూపించింది. చెరువు లెక్కల పుస్తకంలో మేత బస్తాల పద్దు కింద తేదీ వేసి ఆ అంకె రాయించాడు నాతో. "నెలకోసారి నేను రాస్తాలే. గ్యాస్ సంగతి ఈ మీటరు పట్టదు కదా, దానికేం చేయాలి?" అన్నాడు. సీసా నిండా, గాలి బుడగ లేకుండా నీళ్ళు పట్టి, మూత బిగించి, ఐసు పెట్టెలో ల్యాబుకి పంపాలని చెప్పాను. రొయ్యలకి వాడే ఐసు పెట్టె పనికొస్తుందా అని అడిగాడు. ఉప్పు లేకుండా కడిగితే వస్తుందన్నాను. దింపువాళ్ళు వచ్చేసరికి ఆయన బోరు దగ్గర కూర్చుని దాన్ని బ్రష్షుతో రుద్దుతున్నాడు.